నవల చదివారు సరే.. మీకేమనిపించింది?

రెజ్యూమెలో హాబీల దగ్గర 'రీడింగ్ నావెల్స్' అని రాసుకున్నారా? హెచ్‌ఆర్ రౌండ్‌లో ఎవరో ఒకరు అడగనే అడుగుతారు, ఈ మధ్య ఏం చదివారని. మీరు పేరు చెప్తారు, కథ చెప్తారు. ఆ రెండూ అవతలి వాళ్ల ఫోన్‌లోనూ దొరుకుతాయి. 'మరి మీకేమనిపించింది?' అన్న దగ్గరే చాలామంది నీళ్లు నములుతారు. టెక్ బ్లాగు రాసేవాణ్ని, ఏఐ టూల్స్ రోజూ వాడతాను, వాటి మీద నాకు కోపం లేదు. కానీ నవల చదవకుండా చాట్‌జీపీటీతో సారాంశం రాయించుకోవడమంటే, పెళ్లికి పోయి బంతిలో కూర్చోకుండా వంటల పేర్లు అడిగి వచ్చినట్టే.

కరీంనగర్, జగిత్యాల, నిర్మల్, ఆదిలాబాద్ స్టూడెంట్స్‌కి నేను ముందు చెప్పే పుస్తకం 'మేక బతుకు'. బెన్యామిన్ మలయాళంలో రాసిన 'ఆడుజీవితం' 2008లో వచ్చింది. దాన్ని స్వర్ణ కిలారి తెలుగు చేశారు. 2024లో సినిమాగా వచ్చింది కాబట్టి కథ మీకు తెలిసే ఉంటుంది. కేరళలో నదిలో ఇసుక తీసే నజీబ్ వీసా కొనుక్కొని సౌదీ పోతాడు. రియాద్ ఎయిర్‌పోర్టులో ఒకాయన బండి ఎక్కించుకుంటే, ఆయనే తన యజమాని అనుకుంటాడు. దిగేది ఎడారిలో, మేకల మధ్య. కడుక్కోవడానికి నీళ్లు వాడినందుకు బెల్టు దెబ్బలు పడతాయి.

అందరూ ఆ దెబ్బల గురించే మాట్లాడతారు. నన్ను పట్టుకున్నది వేరే చోటు. నజీబ్ మనసులోనే భార్యకు ఉత్తరాలు రాసుకుంటాడు. ఇక్కడంతా బాగుంది, పని బాగుంది, తిండి బాగుంది అని. ఒక్క ముక్కా నిజం కాదు. అది చదువుతుంటే నాకు మన ఊళ్ల వీడియో కాల్స్ గుర్తొచ్చాయి. 'మంచిగున్నవా?' 'మంచిగున్న.' అంతే కదా సంభాషణ! దుబాయ్ పోయినాయన ఫోన్‌లో గది చూపిస్తాడు, కానీ కెమెరా ఎప్పుడూ ఒకే గోడ వైపు ఉంటుంది. ఆ పేజీ దగ్గర నేను పెన్సిల్‌తో రాసుకున్నది ఒకే మాట: 'ఇది కేరళ కాదు, కోరుట్ల.' ఏ రివ్యూ చూసినా ఈ మాట దొరకదు. ఎందుకంటే ఆ గోడను చూసింది మనం.

రెండో చోటు చివర్లో. కథ చెప్పేస్తున్నానని తిట్టుకోకండి. నజీబ్ తప్పించుకొని జైలుకు చేరతాడు. పారిపోయిన మనుషుల్ని గుర్తుపట్టి తీసుకుపోవడానికి యజమానులు అక్కడికి వస్తుంటారు. అతని అర్బాబ్ కూడా వస్తాడు, భుజం మీద చెయ్యి వేస్తాడు, వదిలేసి వెళ్లిపోతాడు. కారణం తర్వాత తెలుస్తుంది. నజీబ్ అతని వీసా మీద వచ్చినవాడే కాదు! అన్నేళ్లు బానిసగా పనిచేసింది కాగితం మీద తనకు సంబంధమే లేని మనిషి దగ్గర. ఇక్కడ నాకు నజీబ్ మీద జాలితో పాటు కోపం కూడా వచ్చింది. ఎయిర్‌పోర్టులో ఒక్క పేరైనా అడగలేదేంటని. తర్వాత ఆలోచిస్తే, అరబ్బీ రాని మనిషి ఎవర్ని అడగాలి, ఏ భాషలో అడగాలి? ఆ కోపం, దాని వెనకే వచ్చిన ఈ ప్రశ్న, రెండూ రాసిపెట్టుకున్నాను.

మీ సంగతికొద్దాం. పది పాసైతే పాస్‌పోర్టు ఈసీఎన్‌ఆర్ కిందికి వస్తుంది. అంటే గల్ఫ్‌కు పోయేముందు ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ అనుమతి అక్కర్లేదు. చదువుకున్నవాడు తన జాగ్రత్త తనే చూసుకుంటాడని ప్రభుత్వం నమ్మకం. కాబట్టి ఏజెంటు పేరు ఈ-మైగ్రేట్ పోర్టల్లో ఉందో లేదో, ఆఫర్ లెటర్ మీది కంపెనీ, వీసా మీది కంపెనీ ఒకటేనా కాదా అన్నది మీరే చూసుకోవాలి. హైదరాబాద్‌లో డబ్బు కట్టించుకొని ఉద్యోగం ఇప్పిస్తామనే కన్సల్టెన్సీలకూ ఇదే లెక్క.

'అనువాదమంటే నీరసంగా ఉంటుంది బ్రో' అంటారు కొందరు. కొన్ని నిజంగానే ఉంటాయి, చదవలేకపోతే పక్కన పెట్టేయండి, ఎవరూ మార్కులు వేయరు. కానీ మన జిల్లాకు అనువాదం పరాయిది కాదు. వంగరలో పెరిగి, మంథని నుంచి అసెంబ్లీకి గెలిచిన పీవీ నరసింహారావు 'వేయిపడగలు'ను 'సహస్రఫణ్' పేరుతో హిందీలోకి తీసుకెళ్లారు. హరి నారాయణ్ ఆప్టే మరాఠీ నవల 'పణ్ లక్షాత్ కోణ్ ఘేతో'ను 'అబల జీవితం'గా తెలుగులోకి తెచ్చారు. చిన్నప్పుడే పెళ్లయిన యమున తన కథ తనే చెప్పుకునే నవల అది, పంతొమ్మిదో శతాబ్దంలో ఒక మగవాడు రాసింది. నాకు సగం నమ్మకం, సగం అనుమానం: ఆమె గొంతులో ఆమె ఎంత, ఆప్టే ఎంత? తేల్చుకోవాలంటే నాకు మరాఠీ రాదు.

ఆదిలాబాద్‌లో, బోథ్‌లో, జైనథ్‌లో ఇంట్లో మరాఠీ, కాలేజీలో తెలుగు మాట్లాడే వాళ్లు మీలో చాలామందే ఉన్నారు. రెండు పుస్తకాలూ పక్కపక్కన పెట్టుకొని ఓ పది పేజీలు చదవండి. ఏ మాట పీవీకి దొరికింది, ఏది జారిపోయింది అన్నది నాకంటే మీకే బాగా తెలుస్తుంది.