సంపాదకుని మాట: సభాకంపం

నలుగురి ముందు మాట్లాడవలసి వచ్చినప్పుడు గుండె వేగంగా కొట్టుకోవడం, నోరు ఎండిపోవడం, చేతిలోని కాగితం వణకడం వంటి లక్షణాలను కలిపి సభాకంపం అంటారు. ఎదుటివారి అంచనాకు లోనవుతున్నామన్న భావనను శరీరం ప్రమాదంగా పరిగణించి, అత్యవసర వేళల్లో పనిచేసే అడ్రినలిన్ అనే హార్మోనును విడుదల చేయడం వల్ల ఈ స్థితి కలుగుతుంది కనుక, దీనిని అసమర్థతకు గుర్తుగా ఎంచడం పొరపాటు.

లండనులో న్యాయవిద్య అభ్యసించిన కాలంలో గాంధీజీ, తాను రాసుకున్న ప్రసంగాన్ని సైతం చదవలేక మరొకరిచేత చదివించవలసి వచ్చింది. 1891లో స్వయంగా ఏర్పాటు చేసిన వీడ్కోలు విందులోనూ ఆయన మొదటి వాక్యం దాటలేకపోయారు. అయినా 1893లో ప్రిటోరియాలోని భారతీయ వర్తకుల ఎదుట, వ్యాపారంలో సత్యనిష్ఠ అనే అంశాన్ని ముందుగా సిద్ధం చేసుకుని వెళ్లి, తన తొలి బహిరంగ ప్రసంగాన్ని పూర్తి చేయగలిగారు. విషయంపై పట్టు, చెప్పి తీరాలన్న తపన తోడైతే బిడియం వెనక్కి తగ్గుతుందనడానికి ఇదొక నిదర్శనం.

ప్రసంగమంతా కంఠస్థం చేస్తే ఒక్క మాట మరచినా మొత్తం తడబడే ప్రమాదం ఉన్నందున, ముఖ్యాంశాలను చీటీపై రాసుకుని, తొలి వాక్యాలను బిగ్గరగా పలుకుతూ సాధన చేసి, చిన్న బృందాల నుంచి పెద్ద సభలకు క్రమంగా అలవాటుపడటం మేలు. ఉపాధ్యాయులు తరగతిలోని ప్రతి విద్యార్థికీ, వెనుక వరుసలో మౌనంగా కూర్చునే వారితో సహా, వారానికొకసారైనా రెండు నిమిషాలు మాట్లాడే అవకాశం కల్పించాలని ఈ సంచిక కోరుతోంది.