ఉల్లేఖనాల లెక్క వైద్యానికి కొలబద్ద కాగలదా?

నాడీమండల వ్యాధులపై పరిశోధన చేసే శాస్త్రవేత్తను పరిచయం చేసేటప్పుడు నేడు ముందుగా చెప్పే మాట, వారు ఎన్ని పరిశోధనా పత్రాలు ప్రచురించారన్నది. రెండవది, ఆ పత్రాలను ఇతర శాస్త్రజ్ఞులు ఎన్నిసార్లు ఉదహరించారన్నది. ఈ ఉల్లేఖనాలనే సైటేషన్లు అంటారు. ఆయుర్వేద ఔషధాల ప్రకటనలలో సైతం "ఇన్ని పరిశోధనలు నిరూపించినవి" అన్న మాట తరచుగా కనబడుతున్నది. కనుక ఈ లెక్కల విలువ ఎంతో గృహస్థులు కూడ తెలుసుకొనుట అవసరమని నా అభిప్రాయం.

2005లో భౌతిక శాస్త్రవేత్త హోర్హే హిర్ష్ "హెచ్ సూచిక" అనే కొలమానాన్ని ప్రతిపాదించారు. ఒకరి పత్రాలలో 40 పత్రాలు ఒక్కొక్కటి కనీసం 40 సార్లు ఉదహరింపబడితే, వారి సూచిక 40 అవుతుంది. అయితే ఉదహరించినవారు సమర్థించారో, ఖండించారో ఈ సూచిక చెప్పదు. రోగికి మేలు కలిగిందా అన్న ప్రశ్న దానికి అసలే పట్టదు.

అల్జీమర్స్ వ్యాధి విషయంలో జరిగినది చూడండి. మెదడులోని ఒక ప్రత్యేక ప్రోటీన్ రూపమే జ్ఞాపకశక్తి నాశనానికి కారణమని ఎలుకలపై ప్రయోగాల ఆధారంగా చెప్పిన ఒక పత్రం 2006లో ప్రఖ్యాత "నేచర్" పత్రికలో వెలువడింది. దానిని సుమారు 2,500 పత్రాలు ఉదహరించాయి. అందలి చిత్రాలపై 2022లో "సైన్స్" పత్రిక సందేహాలను బయటపెట్టింది. చిత్రాలను మార్చిన జాడలున్నవన్న కారణంతో 2024 జూన్‌లో ఆ పత్రం ఉపసంహరింపబడింది. ప్రథమ రచయిత మాత్రం ఉపసంహరణకు సమ్మతించలేదు. వేల ఉల్లేఖనాలు ఆ పత్రానికి కీర్తినిచ్చాయే గాని, అందలి లోపాన్ని పదహారేళ్ళ పాటు కప్పి ఉంచకుండా ఆపలేకపోయాయి.

దీనికి భిన్నమైన ఉదాహరణ మన దేశంలోనే ఉన్నది. 1937లో మద్రాసులో దామోదరన్, రామస్వామి అనే శాస్త్రజ్ఞులు దూలగొండి గింజల నుండి ఎల్-డోపా అనే పదార్థాన్ని వేరుచేశారు. అప్పటికి దాని వైద్య ప్రయోజనం ఎవరికీ తెలియదు. ఇరవై ఏళ్ళ తరువాత, 1957లో, స్వీడన్‌కు చెందిన ఆర్విడ్ కార్ల్‌సన్ కుందేళ్ళకు రిసర్పిన్ ఇచ్చి వాటి కదలికలు స్తంభించగా, ఎల్-డోపాతో తిరిగి కదిలేటట్లు చేశారు. ఆ రిసర్పిన్ మన సర్పగంధ నుండి లభించినదే! 1961లో వియన్నాలో కంపవాత రోగులకు ఎల్-డోపా ఇచ్చి చూశారు. 1967లో కోట్జియాస్ పెద్ద మోతాదులతో నిలకడైన ఫలితం చూపారు. నేటికీ పార్కిన్సన్స్ చికిత్సకు ఎల్-డోపాయే ప్రధానాధారం. ఒక పత్రం విలువ తేలడానికి మూడు దశాబ్దాలు పట్టవచ్చునని దీనివలన బోధపడుతుంది.

ఇది చూసి మనవారు పొంగిపోనవసరం లేదు. దూలగొండి చూర్ణంపై 2004లో లండన్‌లో జరిగిన పరీక్షలో పాల్గొన్నవారు 8 మంది. 2017లో ప్రచురితమైన బొలీవియా పరీక్షలో 18 మంది. రెండూ ఒక్కొక్క మోతాదు ప్రభావాన్ని పరిశీలించినవే. ఫలితాలు ఆశాజనకములే గాని, ఏళ్ళ తరబడి వాడకానికి ఇవి చాలిన సాక్ష్యం కావు. ఈ పత్రాలను ఎందరు ఉదహరించినా, పరీక్షింపబడిన రోగుల సంఖ్య పెరగదు గదా!

కావున పరిశోధన పేరు వినబడినప్పుడు మూడు ప్రశ్నలు అడగవలసిందిగా పాఠకులను కోరుతున్నాను. పరీక్ష జరిగినది మనుషుల మీదనా, జంతువుల మీదనా? ఎందరి మీద, ఎంతకాలం, దేనితో పోల్చి జరిపారు? సంబంధం లేని మరొక బృందం చేసినప్పుడు అదే ఫలితం వచ్చిందా? మందు మనదైనా, పరాయిదైనా ఈ ప్రశ్నలు ఒక్కటే.

చివరగా ఒక హెచ్చరిక. పార్కిన్సన్స్‌కు మాత్రలు వాడుతున్నవారు దూలగొండి చూర్ణాన్ని సొంతంగా చేర్చుకొనరాదు. రెండింటిలోను ఎల్-డోపా ఉండుటచే మోతాదు మించి వాంతులు, రక్తపోటు పడిపోవుట, అసంకల్పిత కదలికలు, భ్రమలు కలుగవచ్చు. మాత్రలను హఠాత్తుగా మానుట మరింత ప్రమాదకరం. ఏ మార్పైనా వైద్యుని పర్యవేక్షణలోనే జరగాలి.