పందెం లేని ఆటా పట్టుకుంటుంది

2025 ఆగస్టు 20న లోక్‌సభ, మర్నాడు రాజ్యసభ, ఆ మర్నాడే రాష్ట్రపతి ఆమోదం. ఆన్‌లైన్ గేమింగ్ చట్టం అంత వేగంగా వచ్చింది. డబ్బు పెట్టించి ఆడించే రమ్మీ, ఫాంటసీ క్రికెట్ యాప్‌లలో పేరున్నవన్నీ వారం తిరక్కుండా ఆ వ్యాపారం మూసేశాయి. ఆడించేవారికి మూడేళ్ల వరకు జైలు, కోటి రూపాయల వరకు జరిమానా. ఆడినవారికి శిక్ష లేదు. తెలుగువారికి ఇది మరీ కొత్త సంగతి కాదు. ఆన్‌లైన్ రమ్మీని తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించాయి. తమాషా ఏమిటంటే, రమ్మీలో నైపుణ్యానిదే పైచేయి అని 1968లో సుప్రీంకోర్టు చెప్పింది కూడా సికింద్రాబాద్ క్లబ్బు ఒకదాని కేసులోనే. ఆ ఒక్క మాట పట్టుకుని కంపెనీలు ఇన్నేళ్లూ న్యాయస్థానాల్లో నెట్టుకొచ్చాయి.

కొత్త చట్టం చూసి ఊపిరి పీల్చుకున్న తల్లిదండ్రులు చాలామందే ఉన్నారు. అయితే వాళ్ల పిల్లాడు ఆడేది రమ్మీ కాదు. బీజీఎంఐ, ఫ్రీ ఫైర్ మ్యాక్స్ వంటి తుపాకీ పోరు ఆటల జోలికి ఈ చట్టం పోలేదు. ఈ-స్పోర్ట్స్‌కు గుర్తింపు ఇచ్చింది, పందెం లేని ఆటలను ప్రోత్సహిస్తానంది. అందులో తప్పుపట్టాల్సిందేమీ లేదు. జేబుకు పడే చిల్లు ఎక్కడుందో చూసి దాన్ని పూడ్చారు. నిద్రకు, చదువుకు, ఇంట్లో మాటామంతీకి పడే చిల్లు వేరే చోట ఉంది.

నిషేధాలతో మనకున్న అనుభవం కూడా చెప్పుకోదగ్గదే. 2020 సెప్టెంబరు 2న కేంద్రం మరో 117 యాప్‌లతో పాటు పబ్జీని నిషేధించినప్పుడు, పిల్లలు పాడైపోతున్నారని ప్రభుత్వం కళ్లు తెరిచిందని చాలా ఇళ్లలో సంబరపడ్డారు. నిజానికి అది చైనాతో గల్వాన్ ఘర్షణ తర్వాత సరిహద్దు వేడిలో తీసుకున్న నిర్ణయం; చూపిన కారణం దేశ భద్రత, డేటా రక్షణ. పది నెలలకే, 2021 జులైలో, అదే ఆట బీజీఎంఐ అని పేరు మార్చుకుని వచ్చింది. 2022లో మళ్లీ మాయమై 2023లో మళ్లీ దిగింది. వ్యసనం అన్న ఊసే ఈ రాకపోకల్లో ఎక్కడా పెద్దగా లేదు.

ఇంతకీ వ్యసనం అని దేన్ని అనాలి? ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఆమోదించి, 2022 జనవరి నుంచి అమల్లోకి తెచ్చిన వ్యాధుల వర్గీకరణలో ‘గేమింగ్ డిజార్డర్’ చేరింది. దానికి మూడు లక్షణాలు చెప్పారు. ఎప్పుడు మొదలుపెట్టాలో, ఎప్పుడు ఆపాలో తన చేతిలో లేకపోవడం. మిగతా పనులన్నిటికంటే ఆటే ముఖ్యమైపోవడం. నష్టం కళ్లెదుట కనిపిస్తున్నా ఆడుతూనే ఉండటం. ఇవి జీవితాన్ని దెబ్బతీసే స్థాయిలో, మామూలుగా ఏడాది పాటు కనిపించాలి. రోజుకు ఇన్ని గంటలు అన్న లెక్క ఆ నిర్వచనంలో లేదు. మనం మాత్రం ఇంట్లో లెక్కపెట్టేది గంటలనే. దసరా సెలవుల్లో నాలుగేసి గంటలు ఆడి, బడి తెరిచాక మామూలైపోయే పిల్లాడికి రోగి ముద్ర వేయడం అన్యాయం. 2017లో పలువురు పరిశోధకులు ఈ వర్గీకరణ మీద బహిరంగంగా అభ్యంతరం చెప్పింది ఈ భయంతోనే. అమెరికా మానసిక వైద్యుల సంఘం 2013లో దీన్ని ‘ఇంకా అధ్యయనం కావాల్సిన’ జాబితాలో పెట్టి ఊరుకుంది. ఆ జాగ్రత్త మంచిదేనని నా అభిప్రాయం. ఆడేవాళ్లలో ఎక్కువమంది వ్యసనపరులు కారు. కానీ వ్యసనపరులైనవాళ్ల ఇళ్లలో జరిగేది చూస్తే, పేరు ఏదైనా చికిత్స అవసరమన్న సంగతిలో సందేహం మిగలదు.

ఆపమంటే ఎందుకు ఆపలేరో తెలియాలంటే ఒక్క బీజీఎంఐ మ్యాచ్‌ని దగ్గరగా చూడాలి. విమానంలోంచి వందమంది ఒక దీవి మీదకు దూకుతారు. నలుగురేసి ఒక స్క్వాడ్. అరగంట ఆట. చుట్టూ ఉన్న జోన్ కుంచించుకుపోతూ అందర్నీ దగ్గరకు తరుముతుంటుంది. ఇరవై రెండో నిమిషానికి మిగిలింది ఓ పదిమంది. సరిగ్గా అప్పుడే వంటింట్లోంచి అమ్మ కేక: “అన్నం చల్లారిపోతోంది, వస్తావా రావా?” అదే క్షణంలో ఇయర్‌ఫోన్‌లో ఇంకో కేక: “మామా, నాక్ అయ్యాన్రా, రివైవ్ చెయ్!” దెబ్బతిని మోకాళ్ల మీద పాకుతున్న ఆ మిత్రుణ్ని ఎవరో ఒకరు వెళ్లి లేపకపోతే వాడి ఆట ముగిసినట్టే. మధ్యలో నిలిపి అన్నం తిని రావడానికి పాజ్ బటన్ ఉండదు. అమ్మకు కనిపించేది మాట వినని కొడుకు. కొడుక్కి కనిపించేది నడిదారిలో వదిలేస్తున్న స్నేహితుడు. ఇద్దరికీ కోపం రావడంలో ఆశ్చర్యమేముంది?

పట్టు అక్కడితో అయిపోదు. రోజూ లాగిన్ అయితే ఒక కానుక. ఒక్కరోజు తప్పితే వరస తెగుతుంది. సీజన్ ముగిసేలోగా మిషన్లు పూర్తిచేయకపోతే పాస్ కొన్న డబ్బు వృథా. ఆటలోని బహుమతి పెట్టె తెరిస్తే ఏ తుపాకీ రంగు, ఏ దుస్తులు వస్తాయో తెలియదు. ఆ తెలియకపోవడమే గాలం. వీడియో గేమ్ ఆడుతున్నప్పుడు మెదడులో డోపమైన్ విడుదల పెరుగుతోందని 1998లో లండన్ పరిశోధకులు ‘నేచర్’ పత్రికలో చూపించారు. తిండికీ, పొగడ్తకీ కూడా స్పందించే రసాయనమే కాబట్టి దాన్ని దోషిగా నిలబెట్టి లాభం లేదు. అనుకోని బహుమతి కోసం మళ్లీ మళ్లీ ప్రయత్నించే మన స్వభావాన్ని ఎవరు, ఎంత తెలివిగా వాడుకుంటున్నారన్నదే చూడాలి. డబ్బు కట్టి తెరిచే ఇలాంటి పెట్టెలను 2018లోనే బెల్జియం జూదమని తేల్చింది. పైగా కొనేది రూపాయలతో కాదు, రూపాయలను ముందు ఆటలో చెల్లే యూసీలుగా మార్చుకోవాలి. నాన్న ఫోన్‌లోంచి యూపీఐతో వెళ్లిన సొమ్ము తెర మీద వేరే అంకెగా మారిపోయాక, ఎంత ఖర్చయిందన్న స్పృహ పెద్దవాళ్లకే ఉండదు.

ఇంత చెప్పినా సగమే చెప్పినట్టు. ఒకే ఆట ఆడే పదిమందిలో ఒకడే ఎందుకు మునిగిపోతున్నాడన్న ప్రశ్నకు జవాబు చాలాసార్లు ఫోన్‌లో దొరకదు. మన ఇంటర్ విద్యార్థినే తీసుకోండి. తెల్లవారుజామున స్టడీ అవర్, వారాంతం పరీక్ష, నోటీసు బోర్డు మీద మార్కుల వరస. రెండేళ్లు గింజుకున్నా ఈఏపీసెట్‌లో లక్ష దాటిన ర్యాంకు వస్తే చుట్టాల్లో తలెత్తుకోలేడు. అదే కుర్రాడు ఆట ర్యాంకుల్లో ప్లాటినం దాటి, క్రౌన్ దాటి ఏస్ అవుతాడు. కష్టపడితే పైకి వెళ్లడం అక్కడ కళ్లకు కనిపిస్తుంది. ఓడితే తిట్టేవాడు లేడు, నిమిషంలో మరో మ్యాచ్. బయట ఎక్కడా దొరకని గౌరవం దొరికే చోటును వదలమంటే, బదులుగా ఏమిస్తున్నామో మనమూ చెప్పాలి. మైదానం లేని అపార్ట్‌మెంట్ బడికి ఈ విషయంలో మాట్లాడే అర్హత ఎంతో నాకు అర్థం కాదు.

గడియారంతో కట్టడి చేయబోయిన దేశాలు ఉన్నాయి. దక్షిణ కొరియా 2011లో పదహారేళ్ల లోపువారికి అర్ధరాత్రి నుంచి ఉదయం ఆరు దాకా ఆన్‌లైన్ ఆటలు బంద్ చేసింది. పదేళ్లు చూసి ఆ చట్టాన్ని ఎత్తేసింది. చైనా 2021 నుంచి మైనర్లకు శుక్ర, శని, ఆదివారాల్లో, సెలవు రోజుల్లో గంట చొప్పునే అనుమతిస్తోంది. పెద్దల ఖాతాలతో ఆడే పిల్లలు అక్కడా ఉన్నారు.

చికిత్స సంగతికొస్తే, బెంగళూరు నిమ్‌హాన్స్‌లో 2014 నుంచి ‘షట్’ పేరుతో టెక్నాలజీ వ్యసనాలకు ప్రత్యేక క్లినిక్ నడుస్తోంది. ఇలాంటి చోట్ల ముందు చూసేది ఆట వెనక ఏముందని: దిగులా, ఆందోళనా, ఏకాగ్రత లోపమా, బడిలో వేధింపులా. దాన్ని పట్టించుకోకుండా ఫోన్ లాక్కుంటే వేరే తెర దొరుకుతుంది. ఒక్కసారిగా లాక్కున్నప్పుడు వచ్చే ఆగ్రహాన్ని, చచ్చిపోతానన్న మాటను నాటకమని కొట్టిపారేయడం ప్రమాదం. మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్‌కు (14416) ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు. ఇంట్లో ఒప్పందం కుదుర్చుకునేటప్పుడు ‘అరగంట’ అనకుండా ‘ఒక మ్యాచ్’ అని చూడండి, సగం గొడవ తగ్గుతుంది. ముందు సరిచేయాల్సింది నిద్ర. రాత్రి ఫోన్లు హాల్లో చార్జింగ్‌లో ఉండాలన్న నియమం పెడితే నాన్న ఫోనూ అక్కడే ఉండాలి. ఈ షరతు దగ్గరే చాలా ఇళ్లలో ఒప్పందం చెడుతుంది.

ఇక చట్టం చేయగలిగింది ఒకటుంది. పద్దెనిమిదేళ్ల లోపువారి ప్రవర్తనను కనిపెట్టి చూడటాన్ని, వారికి గురిపెట్టి ప్రకటనలు ఇవ్వడాన్ని 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం నిషేధించింది. ఎవరు ఎప్పుడు విసుగెత్తి ఆట వదలబోతున్నారో, ఏ కానుక చూపితే ఆగుతారో అంచనా వేయాలంటే అలాంటి నిఘాయే ఆధారం. 2025 గేమింగ్ చట్టంలో చెప్పిన ప్రాధికార సంస్థ ఆ నిబంధనను ఆటల తయారీదారుల మీద ప్రయోగించగలిగితే పిల్లాడికీ తల్లికీ మధ్య పోరు కాస్త సమానమవుతుంది. పెట్టెల్లో ఏది ఎంత అరుదో ముందే చెప్పించడం, మైనర్ల ఖర్చుకు హద్దు పెట్టడం కూడా దాని పనే కావాలి. ఇప్పటిదాకా ఆ హద్దు కంపెనీ దయ. 2021లో బీజీఎంఐ మైనర్లకు తానుగా ప్రకటించుకున్న ఖర్చు పరిమితి ఎంతో తెలుసా? రోజుకు 7,000 రూపాయలు.