ముందు మోడల్ నంబర్ చూడండి, తర్వాతే అప్‌డేట్

దుబాయ్‌లో వెల్డింగ్ పని చేసే మా చిన్నాన్న ఒకసారి సెలవుకి వస్తూ పీఎస్పీ తెచ్చాడు. 2018 అక్టోబర్‌లో తిత్లీ తుఫానుకి వజ్రపుకొత్తూరు దగ్గర మా ఇంటి రేకులు, కొబ్బరి చెట్లు పోయాయి కానీ, ట్రంకుపెట్టెలో ఉన్న ఇది బతికింది. మొన్న సంక్రాంతికి తీసి చూస్తే బ్యాటరీ ఉబ్బిపోయి ఉంది.

కాశీబుగ్గలో ఒక షాపులో అడిగితే "అన్నీ ఒకటే బావూ" అని ఒకటి ఇచ్చాడు. ఇంటికొచ్చి పెడితే మూత పడదే! అది లావుగా ఉండే 1000 మోడల్‌ది. మాది 3004.

ఈ "అన్నీ ఒకటే" అనే మాట మీదే నా కోపం. మన సీఎస్ఈ వాళ్లం కూడా అదే అంటాం. 1000లో ర్యామ్ 32 ఎంబీ, 2000 నుంచి 64. 3000లో మైక్ ఉంటుంది, హోమ్ అని రాసి ఉండే చోట పీఎస్ గుర్తు ఉంటుంది. ఈ1000లో వైఫైయే లేదు. పీఎస్పీ గోకి అప్‌డేట్ ఫైలే వేరు. లేబుల్ మీద నంబర్ చదవడానికి పది సెకన్లు చాలు, అయినా చదవం.

టెక్కలి ఫ్రెండ్ ఒకడు చదవలేదు. వాడిదీ 3000 మోడలే. పాత బ్యాటరీ, ఫుల్ అని చూపిస్తుంది. 6.61 పెడుతుంటే మధ్యలో కరెంటు పోయింది (మన వైపు అదేం వింత కాదు కదా). బ్యాటరీ ఒక్క నిమిషం కూడా ఆగలేదు. అడాప్టర్ పెట్టాలి, బ్యాటరీలో చార్జ్ కూడా ఉండాలి అని పీఎస్పీ రెండూ అడిగేది ఇందుకే. ఫర్మ్‌వేర్ సగం రాసి ఆగితే మళ్లీ ఆన్ అవదు. పాత 1000 అయితే పండోరా బ్యాటరీ అనే కిటుకుతో లేపొచ్చు. 3000కి ఆ కిటుకు పనిచేయదు. ఈ సంగతి వాడికి తర్వాత తెలిసింది.

అసలు 6.61 ఎందుకు? 2015లో వచ్చిన ఆఖరి వెర్షన్ అది. కొత్తగా కొన్న డిస్క్ పై వెర్షన్ అడిగితే సరే, పెట్టాల్సిందే. లేకపోతే నంబర్ పెద్దదని సంబరపడటం తప్ప ఏముంది? మా దాంట్లో సెట్టింగ్స్‌కి వెళ్లి చూస్తే 6.20 ఉంది. ఉన్న ఆటలన్నీ ఆడుతున్నాయి. అలాగే వదిలేశాను.

సరైన బ్యాటరీ దొరికాక చిన్నాన్నకి వీడియో కాల్ చేసి చూపించాను. "ఆ కార్ల ఆటలో నా రికార్డు ఉందేటి, చెరిపేశావా?" అన్నాడు. ఉంది. ఇంకా దాటలేకపోతున్నాను.