ఋణమును మఱ్ఱినీడయు

హైదరాబాదునుండి చేవెళ్లకు బోవువారికి అప్పా కూడలియొద్ద రెండు విధములైన బాటలు కనబడును. ఒకటి 158 కిలోమీటర్ల బాహ్య వలయ రహదారి. అందు కొంతభాగము జపాను ప్రభుత్వ సంస్థయగు జైకా యిచ్చిన ఋణముతో నిర్మింపబడినది. రెండవది మొయినాబాదు, చేవెళ్లల మీదుగా మన్నెగూడకు సాగు పాత బాట. దాని కిరుప్రక్కల సుమారు 900 మఱ్ఱిచెట్లు నిలిచియున్నవి. వీనిని పెంచుటకు ఏ పరదేశపు బ్యాంకును ధనమీయలేదు.

విదేశములనుండి అప్పు తెచ్చుటయే దోషమని మేమనము. 1908 నాటి మూసీ వరద తరువాత విశ్వేశ్వరయ్యగారి సూచనల ననుసరించి కట్టిన గండిపేట 1920లోను, హిమాయత్ సాగరము 1927లోను నిజాము ఖజానా సొమ్ముతోనే పూర్తియైనవి. నిరంకుశ ప్రభుత్వమును పొగడుట మా యభిమతము గాదు. ఆ ఖజానాను నింపినది తెలంగాణా రైతు కట్టిన శిస్తే గదా! నేటి యవసరములు నాటికంటె పెద్దవి. అప్పు లేక యన్నియు జరుగవు. అయితే ఆ యప్పు నెవరు కోరిరి, ఎవరు తీర్చుదురు, తీరునాటికి ఏమి మిగులును అని యడుగు హక్కు మనకున్నది.

అడవుల సంగతియే చూడుడు. ఉమ్మడి ఆంధ్రప్రదేశమునకు ప్రపంచ బ్యాంకు 1994లో 7 కోట్ల 70 లక్షల డాలర్లకు పైగాను, 2002లో 10 కోట్ల 80 లక్షల డాలర్లును అటవీ పథకములకై మంజూరు చేసినది. వడ్డీ లేదు, నూటికి ముప్పాతిక రుసుము, గడువు 35 ఏండ్లు. ఇంత చౌకగా ఏ షావుకారిచ్చును? కాని వన సంరక్షణ సమితులు పని చేసినది చాలచోట్ల డబ్బు వచ్చినంతకాలమే. పథకము ముగియగానే పెక్కు సమితులు పేరునకు మాత్రము మిగిలినవి. ఏజన్సీలలో గిరిజనుల పోడు భూములలోనే మొక్కలు నాటిరన్న ఫిర్యాదులు వేఱు. మొక్క బ్రతికినను ఎండినను వాయిదా తప్పదు. పైగా 2005 తరువాత కేంద్రము తాను తెచ్చిన విదేశ ఋణమును అవే షరతులతో రాష్ట్రముల కప్పగించుచున్నది గనుక, డాలరు పెరిగినచో ఆ నష్టము రాష్ట్రపు బొక్కసముదే.

వలయ రహదారి కథ యింకొకటి. 2023లో దాని సుంకము వసూలు చేయు హక్కును 30 ఏండ్లకు 7,380 కోట్ల రూపాయలకు ఒక ప్రైవేటు కంపెనీకి గుత్తకిచ్చిరి. ఒక తరము రాబడి ఒక్కనాడే చేతికి వచ్చినది. ఆ సొమ్ము దేనికి వ్యయమైనదో గ్రామములలో నెవరికైన తెలియునా?

మఱ్ఱిచెట్ల బాట వెడల్పు కావలసినదే. ఈ మాట చెట్లను ప్రేమించువారును చెప్పవలెను. 2025 నవంబరు 3వ తేదీన మీర్జాగూడయొద్ద కంకర లారీ బస్సును ఢీకొని 19 మంది మరణించిరి. అయినను చెట్లా, మనుష్యులా యని వాదించుట సోమరితనము. మఱ్ఱులలో పెక్కింటిని నిలుపుకొనియే బాట వేయు దారి, హరిత న్యాయాధికరణములో వివాదము నడచిన పిమ్మట గాని అధికారులకు తోచలేదు. ఆ యాలోచన మొదటి పటములోనే యుండినచో ఇన్ని యేండ్లు వృథా కాకుండెడివి.

మొయినాబాదు భూస్వాములకును ఒక మాట. బాట పడగానే ఎకరము ధర పెరుగును, సంతోషమే. కాని జలాశయముల రక్షణకై 1996లో 84 గ్రామములకు వర్తింపజేసిన 111వ ఉత్తరువును సడలించుచు 2022లో మఱియొక ఉత్తరువు వెలువడినప్పుడు, చెరువులోనికి వచ్చు నీటినిగూర్చి మనలో ఎందరడిగిరి?

ఇప్పుడు మూసీ పునరుద్ధరణకై ఏషియా అభివృద్ధి బ్యాంకు ఋణమును రాష్ట్ర ప్రభుత్వము కోరినది. నగరములో ప్రవహించు మూసీకి ఎగువనున్నవి మన గండిపేట, హిమాయత్ సాగరములే. అసలెంత, మారకపు భార మెవరిది, కూలు చెట్లెన్ని, పథకము ముగిసిన పిదప పోషించువారెవరు అను వివరములను తెలుగులో అచ్చొత్తించి, ఒడంబడికపై సంతకము పడకముందే చేవెళ్ల, మొయినాబాదు గ్రామసభలలో చదివింపవలెను.