పాస్‌పోర్టులు అమ్మే దీవులు, దేశమే లేని మనుషులు

2025 మార్చిలో వనువాటు ప్రధాని జోథమ్ నపాట్ ఒక పాస్‌పోర్టును రద్దు చేయాలని తమ పౌరసత్వ కమిషన్‌ను ఆదేశించారు. అది ఐపీఎల్ మాజీ ఛైర్మన్ లలిత్ మోదీది. నెల తిరగగానే, పంజాబ్ నేషనల్ బ్యాంకును 13 వేల కోట్ల రూపాయలకు పైగా ముంచిన కేసులో నిందితుడైన మెహుల్ చోక్సీ బెల్జియంలో అరెస్టయ్యారు. ఆయన 2017లోనే ఆంటిగ్వా-బార్బుడా పౌరసత్వం కొనుక్కున్నారు. అదే ఏప్రిల్ చివర్లో, పెట్టుబడికి బదులుగా పౌరసత్వం ఇచ్చే మాల్టా పథకం యూరోపియన్ యూనియన్ చట్టానికి విరుద్ధమని ఆ యూనియన్ అత్యున్నత న్యాయస్థానం తీర్పు చెప్పింది.

ఈ వార్తలు మన దగ్గరకు చేరేసరికి పారిపోయిన ధనవంతుల కథలుగా మిగిలాయి. మేము మూడు ప్రశ్నలు అడగదలిచాం. ఈ చిన్న దీవులు పౌరసత్వాన్ని ఎందుకు అమ్ముతున్నాయి? ఎవరు కొంటున్నారు? ఆ కాగితం ఎవరి మెడకు చుట్టుకుంటోంది? మొదటి రెండింటి గురించి చాలానే రాశారు. మూడోదాని గురించి తక్కువగా రాశారు. దళిత ఉద్యమానికి ముఖ్యమైనది అదేనని మా అభిప్రాయం.

చెరకు పోయాక పాస్‌పోర్టు

ఈ వ్యాపారంలో అందరికంటే పాతది కరీబియన్‌లోని సెయింట్ కిట్స్-నెవిస్. 1983లో బ్రిటన్ నుంచి స్వాతంత్ర్యం వచ్చింది, 1984లో పౌరసత్వ పథకం మొదలైంది. ఆఫ్రికా నుంచి బానిసలుగా పట్టి తెచ్చిన మనుషులతో చెరకు పండించి బ్రిటిష్ దొరలు సంపద పోగేసుకున్న దీవి ఇది. వాళ్లు వెళ్లిపోయాక మిగిలింది నష్టాల చక్కెర పరిశ్రమ. 2005లో అదీ మూతపడింది. మరుసటి ఏడాది చక్కెర కార్మికుల పునరావాసం పేరుతో ఒక నిధి పెట్టి, దానికి విరాళం ఇచ్చినవారికి పౌరసత్వం ఇవ్వడం మొదలుపెట్టారు. ఆ నమూనా రూపొందించడంలో హెన్లీ అండ్ పార్ట్‌నర్స్ అనే సంస్థ ముఖ్య పాత్ర పోషించింది. 2009లో ఆ పాస్‌పోర్టుకు యూరప్ షెంగెన్ దేశాల్లోకి వీసా లేని ప్రవేశం దొరికింది. అక్కడి నుంచి గిరాకీ పెరిగింది.

డొమినికా 1993లో, ఆంటిగ్వా, గ్రెనడా 2013లో, సెయింట్ లూసియా ఆ తర్వాత ఇదే దారి పట్టాయి. ఈ దేశాలు తమలో తాము పోటీపడి ధరలు తగ్గించుకున్నాయి. 2017లో ఇర్మా, మరియా తుఫాన్లు విరుచుకుపడ్డాక సెయింట్ కిట్స్ తుఫాను సహాయ నిధి పేరుతో ధరను లక్షా యాభై వేల డాలర్లకు దించింది. పండిన పంటను అయినకాడికి అమ్ముకునే రైతుకు పట్టే గతే ఇది. చివరికి 2024లో ఒక ఒప్పందానికి వచ్చి, రెండు లక్షల డాలర్లకు తక్కువకు అమ్మకూడదని అనుకున్నారు. ఆ తర్వాత ఒంటరి దరఖాస్తుదారు ఇవ్వాల్సిన కనీస విరాళం డొమినికాలో 2 లక్షల డాలర్లు, ఆంటిగ్వాలో 2.30 లక్షలు, గ్రెనడాలో 2.35 లక్షలు, సెయింట్ లూసియాలో 2.40 లక్షలు, సెయింట్ కిట్స్‌లో 2.50 లక్షలు. అన్నింటికంటే చౌకదానికే మన లెక్కలో కోటీ డెబ్బై లక్షల రూపాయలకు పైగానే కావాలి. ఆంటిగ్వా పౌరుడిగా ఉండటానికి ఐదేళ్లలో ఐదు రోజులు అక్కడ గడిపితే చాలన్న నిబంధన ఉండేది. డొమినికా అదీ అడగలేదు.

డబ్బంతా నాయకుల జేబుల్లోకే పోయిందనడం సరికాదు. మరియా తుఫాను డొమినికాకు చేసిన నష్టం ఆ దేశ వార్షిక ఉత్పత్తికి రెండింతల కంటే ఎక్కువ. ఆ తర్వాత పేదలకు కట్టిన తుఫానును తట్టుకునే ఇళ్లలో పాస్‌పోర్టుల డబ్బు ఉంది. అయితే ఎవరికి, ఎన్ని పాస్‌పోర్టులు అమ్మారో అక్కడి ప్రజలకు పూర్తిగా తెలియదు. తమ దేశం పేరు మీద సాగే వ్యాపారంలో వాళ్లకు లెక్క అడిగే వీలు లేకుండా పోయింది.

గ్రెనడాతో మనకు ఇంకో పాత సంబంధం ఉంది. బానిసత్వం రద్దయ్యాక చెరకు తోటలకు చేతులు కరువై, 1857 నుంచి భారతదేశపు ఒప్పంద కూలీలను ఓడల్లో అక్కడికి తరలించారు. కరువు, అప్పు, కులం తరిమితే బతుకు వెతుక్కుంటూ కూలీలు ఓడెక్కిన కాలం అది. ఈరోజు అదే గ్రెనడాకు అమెరికాతో ఉన్న పెట్టుబడి వీసా ఒప్పందాన్ని చూపి, భారతీయ ధనవంతులకు ఏజెంట్లు ఆ పాస్‌పోర్టు అమ్ముతున్నారు.

పసిఫిక్: తవ్వేసిన నేల, పెరుగుతున్న సముద్రం

వనువాటులో ధర లక్షా ముప్పై వేల డాలర్లు. కొన్ని సంవత్సరాలలో ప్రభుత్వ ఆదాయంలో మూడో వంతు దాకా ఇదే. అయితే పరిశీలన లేకుండా ఇస్తున్నారని యూరోపియన్ యూనియన్ 2022లో వీసా మినహాయింపును పాక్షికంగా ఆపి, 2024 చివర్లో పూర్తిగా తీసేసింది. బ్రిటన్ 2023లోనే వనువాటు, డొమినికా పౌరులకు వీసా తప్పనిసరి చేసింది. ఇక్కడ దెబ్బ ఎవరికి తగిలిందో చూడండి. కొనుక్కున్నవాడికి ఇంకో దేశం పాస్‌పోర్టు ఉంటుంది. అక్కడే పుట్టి, చదువుకో వైద్యానికో లండన్ వెళ్లాలనుకునే సాధారణ పౌరుడు వీసా వరుసలో నిలబడాలి.

నౌరూ 2024 నవంబరులో ఈ బజారులోకి మళ్లీ వచ్చింది. ధర లక్షా ఐదు వేల డాలర్ల దగ్గర మొదలైంది. వలస పాలకులు, ఆ తర్వాతి ప్రభుత్వాలు ఫాస్ఫేట్ కోసం ఆ దీవి నేలలో దాదాపు 80 శాతం తవ్వేశారు. మిగిలిన తీరపు అంచు మీదికి సముద్రం వస్తోంది. పన్నెండు వేల పైచిలుకు జనాభాలో అత్యధికులను ఎత్తైన ప్రాంతానికి తరలించడానికే ఈ డబ్బు అంటున్నారు. వాతావరణాన్ని పాడుచేసిన దేశాలు పరిహారం ఇవ్వకపోతే, పాడైన దేశం తన పౌరసత్వం అమ్ముకుని బతకాల్సి వస్తోంది.

కొమొరోస్: కొననివాడి మెడకు కట్టిన కాగితం

మూడో నమూనా హిందూ మహాసముద్రంలోని కొమొరోస్‌ది. ఆఫ్రికా తూర్పు తీరానికి ఎదురుగా ఉన్న ఈ పేద దీవుల దేశం 2008లో ఆర్థిక పౌరసత్వ చట్టం చేసింది. ఇక్కడ కొనుగోలుదారు వ్యక్తి కాదు, ఒక రాజ్యం. తన గడ్డ మీద పుట్టిన మనుషుల కోసం పరాయి దేశపు పౌరసత్వాన్ని టోకున కొన్నది యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్.

ఆ మనుషులను బిదూన్‌లు అంటారు. అరబ్బీలో ఆ మాటకు ‘లేకుండా’ అని అర్థం. కువైట్‌లో 1959 పౌరసత్వ చట్టం వచ్చినప్పుడు, ఎమిరేట్స్ 1971లో ఏర్పడినప్పుడు పేర్లు నమోదు కానివాళ్లు, వాళ్ల పిల్లలు, మనవలు. చదువు తెలియక, ఎడారి సంచార జీవితం వల్ల, నమోదు విలువ ఎవరూ చెప్పకపోవడం వల్ల పట్టికకు బయట ఉండిపోయారు. జనన ధ్రువపత్రం నుంచి ఉద్యోగం దాకా అన్నీ గగనమే. ఊరిలోనే పుట్టి ఊరికి బయట బతకడం అంటే ఏమిటో వెలివాడ నుంచి వచ్చిన మనకు వేరే చెప్పనక్కర్లేదు. కువైట్‌లో పనిచేసి వచ్చిన కడప, గోదావరి జిల్లాల అక్కచెల్లెళ్లలో, అన్నదమ్ములలో కొందరైనా ఈ మాట విని ఉంటారు.

ఎమిరేట్స్ వీళ్లకు తన పౌరసత్వం ఇవ్వకుండా కొమొరోస్ పాస్‌పోర్టులు పంచింది. వాళ్లలో ఎక్కువమంది ఆ దీవులను ఎన్నడూ చూడలేదు. కాగితం చేతికి రాగానే పుట్టిన నేల మీదే చట్టప్రకారం ‘విదేశీయులు’ అయ్యారు. విదేశీయుణ్ణి పంపేయడం సులువు. హక్కుల గురించి రాసిన బిదూన్ బ్లాగర్ అహ్మద్ అబ్దుల్‌ఖాలిక్‌కు కొమొరోస్ పాస్‌పోర్టు అంటగట్టి, 2012 జూలైలో థాయ్‌లాండ్‌కు పంపించేశారు. ఆ తర్వాత ఆయనకు కెనడా ఆశ్రయమిచ్చింది. 2014లో కువైట్ అధికారులు కూడా తమ దగ్గరి బిదూన్‌లకు ఇదే దారి చూపిస్తామని ప్రకటించారు. కొమొరోస్‌లో ఆ డబ్బు ఏమైందన్నది పెద్ద కుంభకోణంగా మారి, మాజీ అధ్యక్షుడు అహ్మద్ అబ్దల్లా సాంబీకి 2022లో యావజ్జీవ శిక్ష పడింది.

మూడు నమూనాలను పక్కపక్కన పెడితే విషయం తేటపడుతుంది. ధనవంతుడికి రెండో పాస్‌పోర్టు ఇంకో తలుపు తెరుస్తుంది. బిదూన్‌కు అదే పాస్‌పోర్టు ఉన్న ఒక్క తలుపునూ మూసేస్తుంది. పౌరసత్వం సరుకైతే, కొనగలిగేవాడికే కాదు, ఇతరుల్ని వదిలించుకోవాలనుకునే రాజ్యానికి కూడా అది పనికొస్తుంది.

మనకేమిటి?

ఆంటిగ్వా 2018లో ఒక మాట చెప్పింది. ముంబయి ప్రాంతీయ పాస్‌పోర్టు కార్యాలయం ఇచ్చిన పోలీసు క్లియరెన్స్ చూసే చోక్సీకి పౌరసత్వం ఇచ్చామంది. ఆయనకు కాగితం అంత సులువుగా దొరికింది. 2019 ఆగస్టు 31న వెలువడిన అస్సాం జాతీయ పౌర పట్టిక తుది జాబితాలో 19 లక్షల మందికి పైగా పేర్లు లేవు. తాత పేరు, ఊరి పేరు, అక్షరదోషాల దగ్గర ఆగిపోయిన పేదలు ట్రిబ్యునళ్ల చుట్టూ తిరగాల్సి వచ్చింది. భూమి పట్టా, బడి రికార్డు తరతరాలుగా ఎవరికి దక్కాయో, ఎవరికి దక్కలేదో తెలిసిన మనకు ఈ తేడా కొత్త కాదు. కాగితం అడిగే ప్రతిచోటా కులం, పేదరికం ముందే వరుసలో నిలబడి ఉంటాయి.

అందుకే ఈ దీవులను ‘దొంగల స్థావరాలు’ అని తిట్టి ఊరుకోవడం మాకు సమ్మతం కాదు. 2013లో కరీబియన్ దేశాలు బానిసత్వానికి నష్టపరిహారం కోరుతూ ఒక ఉమ్మడి కమిషన్ వేసుకున్నాయి. బాకీ తీర్చని యూరప్, ఆ దేశాలు పాస్‌పోర్టు అమ్ముకుంటే మాత్రం శిక్షిస్తోంది. ఆ నష్టపరిహార పోరాటం వైపు మనం నిలబడాలి. అలాగే అమ్మకాల జాబితాలు బయటపెట్టాలని అక్కడి పౌరులు అడిగే హక్కు వైపు కూడా.

మన దగ్గర అడగాల్సినదీ ఉంది. దేశరహితుల హక్కులపై 1954, 1961 ఐక్యరాజ్యసమితి ఒప్పందాలలో భారతదేశం ఈనాటికీ చేరలేదు. కువైట్, ఎమిరేట్స్ కూడా చేరలేదు. దళిత, ఆదివాసీ, మైనారిటీ సంఘాలు తమ డిమాండ్లలో దీన్ని చేర్చాలి. విశ్వవిద్యాలయాలలో విద్యార్థి సంఘాలు దీనిపై చర్చలు పెట్టాలి.

1931లో గాంధీని కలిసినప్పుడు తనకు మాతృభూమి లేదని బాబాసాహెబ్ అంబేద్కర్ ముఖం మీదే చెప్పారు. కుక్కలకు, పిల్లులకు ఇచ్చే విలువ కూడా తన మనుషులకు దక్కని నేల తనది ఎలా అవుతుందన్నది ఆయన ప్రశ్న. ఆయన సారథ్యంలో ముసాయిదా రూపుదిద్దుకున్న రాజ్యాంగం ఇక్కడ పుట్టినవారిని కులం, ఆస్తి అడగకుండా పౌరులుగా గుర్తించింది. ధర కట్టి అమ్మినా, ధర చెల్లించి వదిలించుకున్నా దెబ్బ తగిలేది ఆ సూత్రానికే. దాన్ని కాపాడుకోవాల్సిన అవసరం, చోక్సీల కంటే మనకే ఎక్కువ.