కలపకు ఊరూ పేరూ అడగాలి

విజయవాడలో కలప కొనబోతే ఘనా టేకు, బర్మా టేకు, ఆఫ్రికా పడాక్ అన్న పేర్లు మామూలుగా వినిపిస్తాయి. భవానీపురం వంటి పేటల్లో కొత్త ఇళ్లకు కావలసిన మంచం కోళ్లు, మెట్ల కడ్డీలు, పూజామందిరం స్తంభాలు లేత్ మీద నున్నగా తిరుగుతాయి. మనం ధర అడుగుతాం, చేవ చూస్తాం, పగుళ్లు వెతుకుతాం. ఆ మాను ఏ అడవిలో, ఎవరి అనుమతితో నేలకూలిందో మాత్రం అడగం. అడగాల్సిన బాధ్యత తెలుగువాళ్లకు మరీ ఎక్కువ.

మన అడవి కూడా మరొకరికి విదేశీ కలపే కావడం అందుకు కారణం. శేషాచలం, పాలకొండ, లంకమల కొండల్లో తప్ప పెద్దగా పెరగని ఎర్రచందనానికి చైనా, జపాన్‌లలో గిరాకీ ఉంది. చేవ పట్టడానికి దశాబ్దాలు తీసుకునే ఆ చెట్టును, అంతరించే ముప్పున్న జాతుల అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే సైటిస్ ఒప్పందం రెండో అనుబంధంలో 1995లోనే చేర్చారు. అయినా నరుకుడు ఆగలేదు. 2015 ఏప్రిల్ 7న శేషాచలంలో ఎర్రచందనం దొంగల వేట పేరిట జరిగిన పోలీసు కాల్పుల్లో తమిళనాడు కూలీలు 20 మంది చనిపోయారు. దూరదేశపు గిరాకీకి అడవితోపాటు పేదల ప్రాణాలూ బలయ్యాయి.

పశ్చిమాఫ్రికాది కూడా ఇదే కథ. అక్కడి కోసో చెట్టు మన ఎర్రచందనానికి దగ్గరి బంధువు. రెండూ టెరోకార్పస్ ప్రజాతివే. కోసోను 2016లో రెండో అనుబంధంలోకి తెచ్చారు. 2022లో పనామాలో జరిగిన సైటిస్ సదస్సు పడాక్ సహా ఆఫ్రికాలోని టెరోకార్పస్ జాతులన్నిటినీ చేర్చింది. ఇది నిషేధం కాదు. చట్టబద్ధంగా నరికారని, ఆ జాతి మనుగడకు హాని లేదని ఎగుమతి దేశం తేల్చి పర్మిట్ ఇవ్వాలి. ఎర్రచందనం దొంగలను తిట్టే మనం ఆ పర్మిట్ గురించి అడక్కుండా పడాక్ కొంటే న్యాయం తప్పినట్టే.

అలాగని దిగుమతి సరుకంతా పాపమూ కాదు, నాటు కలపంతా పుణ్యమూ కాదు. టేకు ఆఫ్రికాలో సహజంగా పుట్టినది కాదు. ఘనా టేకు నాటి పెంచిన తోటలది. బర్మా టేకు ప్రధానంగా సహజారణ్యాలది. దుంగల ఎగుమతిని మయన్మార్ 2014లో నిషేధించింది. 2021 సైనిక తిరుగుబాటు తర్వాత ఆ దేశ ప్రభుత్వ కలప సంస్థపై అమెరికా, యూరోపియన్ యూనియన్ ఆంక్షలు పెట్టాయి. ఘనా టేకునూ బర్మా టేకునూ ఒకే గాటన కట్టలేం.

ఇక మన ఇంటి సంగతి. భవానీపురం నుంచి హైదరాబాద్ రోడ్డు పట్టుకుంటే కొండపల్లి ఎంతో దూరం లేదు. అక్కడి కొయ్య బొమ్మలకు ప్రాణమైన తెల్ల పొణికి చెట్టు చుట్టుపక్కల కొండల్లో తరిగిపోయి కళాకారులు కొరతతో సతమతమవుతున్నారు. వరాహ నది ఒడ్డున ఏటికొప్పాకలో లేత్ మీద లక్క బొమ్మలు చేసేవారికి అంకుడు కర్రే ఆధారం. 2017లో ఆ బొమ్మలకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. సహజ రంగులను తిరిగి వాడుకలోకి తెచ్చిన సి.వి. రాజుకు 2023లో పద్మశ్రీ దక్కింది. చెట్టు మిగలకపోతే ఈ గుర్తింపులు కళను నిలబెట్టలేవు.

చేయాల్సినవి స్పష్టంగానే ఉన్నాయి. కలప బిల్లు మీద జాతి పేరు, దేశం, పర్మిట్ వివరం తప్పనిసరి చేయాలి. ప్రభుత్వ కొనుగోళ్లలో ముందుగా ఇది అమలు కావాలి. పొణికి, అంకుడు తోటల పెంపకంలో కళాకారుల సంఘాలకు హక్కు, ఆదాయం రెండూ ఉండాలి. ఈ భారాన్ని చిన్న కార్ఖానా మీదికి నెట్టకూడదు. కంటెయినర్ దింపుకునే దిగుమతిదారే ముందు జవాబు చెప్పాలి. శేషాచలం కోసం మనం ప్రపంచాన్ని కోరుతున్న న్యాయాన్ని ఇతరుల అడవుల పట్ల మనమూ పాటించాలి.